అర వాట్ పంచాయితీ

మామ హనుమకొండలో ఉంటాడు, విద్యుత్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. మేనకోడలు హైదరాబాదులో ఇళ్లకు ఆటోమేషన్ డిజైన్ చేసే ఉద్యోగంలో ఉంది. డల్లాస్‌లో ఉన్న మామ కొడుకు "ఇల్లంతా స్మార్ట్ చేయించండి, డబ్బు నేను పంపుతా" అన్నాడట. ఆమె కొటేషన్ పట్టుకొని వచ్చింది. తర్వాత వాళ్లిద్దరి మధ్య నడిచిన వాదన ఇది. ఎవరి వైపూ మొగ్గకుండా రాద్దామనే కూర్చున్నాను గానీ, అక్కడక్కడా నోరు ఊరుకోలేదు.

మామ: కాగితం మొత్తం చదివాను బిడ్డా. ఇరవై స్విచ్ మాడ్యూళ్లు, పన్నెండు రంగుల బల్బులు, ఒక హబ్, మాట్లాడే స్పీకరు, నాలుగు కెమెరాలు. అడుగున లక్షన్నర. పైన మాత్రం పెద్దక్షరాల్లో "విద్యుత్ ఆదా" అని ఉంది. ఎన్ని యూనిట్లు ఆదా అవుతాయో ఎక్కడా లేదు.

మేనకోడలు: అది ఇంటింటికీ మారుతుంది మామా. మనిషి లేని గదిలో ఫ్యాను తిరగదు. పగలు వరండా లైటు వెలగదు. ఏసీ తెల్లవారుజామున తనంతట తనే ఆగిపోతుంది. ఇన్ని ఆగితే బిల్లు తగ్గకుండా ఎట్లా ఉంటుంది?

మామ: ఎట్లా ఉంటుందో నేను కళ్లారా చూశాను. ఆటోమేషన్ అనే మాట మీ కాలేజీకి రాకముందే మన పొలాల్లోకి వచ్చింది. ఆటో స్టార్టర్ గుర్తుందా?

మేనకోడలు: తాతయ్య బోరు దగ్గర ఉండేది. కరెంటు రాగానే మోటరు దానంతటదే లేచేది.

మామ: అదే. త్రీఫేజ్ ఏ వేళకు వస్తుందో తెలియని రోజులు. రైతు ఇంట్లో పడుకునేవాడు, మోటరు పొలంలో మేలుకునేది. మడి నిండినా నీళ్లు పారుతూనే ఉండేవి. మేము లైను ఛార్జ్ చేసిన మరుక్షణం ఆ ఫీడరు మీదున్న మోటర్లన్నీ ఒక్కసారిగా లేచేవి. వోల్టేజి పడిపోయేది, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వబోయే ముందు ఊరూరా తిరిగి ఏం చెప్పామో తెలుసా? ఆటో స్టార్టర్లు తీసేయండి అని. అవి ఉంటే రాత్రీపగలూ బోర్లు నడిచి భూమిలో నీళ్లు అడుగంటుతాయని భయం. చెయ్యి అక్కర్లేని స్విచ్ చేసే ఆదా ఎట్లా ఉంటుందో నాకు అక్కడే తెలిసింది.

మేనకోడలు: కథలో సగమే చెప్పావు. అసలు ఆ డబ్బా ఎందుకొచ్చింది? అర్ధరాత్రి కరెంటు వస్తే టార్చిలైటు పట్టుకొని గట్ల మీద నడిచిపోయి, పాము కరిచో, తడి చేతులతో స్టార్టర్ ముట్టుకొనో పోయినవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. ఆ డబ్బా నీళ్లు వృథా చేసింది, ఒప్పుకుంటా. మనుషుల్ని ఇంట్లో పడుకోనిచ్చింది కూడా. దానికి ఆన్ కావడం ఒక్కటే నేర్పారు. మడి నిండిందని చెప్పే తీగ ఒకటి పెట్టి ఉంటే ఆగడం కూడా వచ్చేది.

మామ: పెట్టినా ఎవడూ కొనేవాడు కాదు. కరెంటు ఉచితం. బిల్లు రానివాడు ఆఫ్ చేసే తీగకు డబ్బెందుకు పెడతాడు?

మేనకోడలు: అంటే తప్పు యంత్రానిది కాదన్నట్టేగా?

మామ: యంత్రానిది కాదనే అంటున్నా. దాన్ని ఆదా పేరుతో అమ్మడం మీద నా పేచీ.

(మామ గెలిచినట్టు కనిపిస్తాడు గానీ, నాకైతే ఇక్కడ ఆమె మాటే పదునుగా తోచింది. సుఖం వేరు, ఆదా వేరు. ఆటో స్టార్టర్ మొదటిది ఇచ్చింది, రెండోదాన్ని తిన్నది. కరపత్రాలు రెండింటినీ ఒకే వాక్యంలో ముడేసి అమ్ముతాయి కాబట్టి ఏదో ఒకటి ఎప్పుడూ అబద్ధంగా మిగులుతుంది.)

మామ: ఇప్పుడు నీ కాగితం లెక్క కడదాం. స్మార్ట్ స్విచ్ అయినా, బల్బు అయినా ఆర్పేశాక కూడా మేలుకునే ఉండాలి, లేకపోతే నీ ఫోను మాట వినదు. మేలుకోవడానికి ఎంత తింటుంది?

మేనకోడలు: చాలా తక్కువ. అర వాట్. మంచి రకమైతే అంతకంటే తక్కువే.

మామ: అర వాటే అనుకుందాం. ఏడాదికి 8,760 గంటలు. ఒక్క వాట్ ఏడాదంతా ఆగకుండా నడిస్తే 8.76 యూనిట్లు. ఇరవై మాడ్యూళ్లు, పన్నెండు బల్బులు కలిపి 32. అర వాట్ చొప్పున 16 వాట్లు. హబ్బు, స్పీకరు కలిపి ఇంకో నాలుగు. మొత్తం 20 వాట్లు, ఏడాదికి 175 యూనిట్లు. ఇంకా ఏ పనీ చేయకముందే, కాపలా ఉన్నందుకు తినే జీతం ఇది.

మేనకోడలు: దాని వల్ల మిగిలేది కూడా లెక్కలో వేయాలిగా.

మామ: వేద్దాం. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు. మీ అత్త మరిచిపోయి రోజూ గంటసేపు అనవసరంగా వెలిగించిందనుకో, తొమ్మిది వాట్-అవర్లు పోయినట్టు. నీ స్మార్ట్ బల్బు రోజులో వెలగని ఇరవై గంటలు అర వాట్ చొప్పున తింటే పది. మరుపు ఖర్చు కంటే కాపలా ఖర్చు ఎక్కువైంది. అరవై వాట్ల పాత గుండు బల్బుల కాలంలో వచ్చి ఈ మాట చెప్పి ఉంటే వినేవాణ్ణి. 2015లో చవకగా ఎల్‌ఈడీ బల్బులిచ్చే ఉజాలా పథకం మొదలయ్యాక దేశమంతా బల్బులు మారాయి. దీపాల్లో మిగిలించాల్సింది అక్కడే మిగిలిపోయింది.

మేనకోడలు: సరే, బల్బులు కొట్టేస్తున్నా. నిజం చెప్పాలంటే అవి అందానికే. పండగలకు రంగులు మార్చుకోవచ్చని బావ అడిగాడు.

మామ: అందానికని రాస్తే నేనేమీ అనను. దీపావళికి ప్రమిదలు పెట్టేది కూడా ఆదాకు కాదుగా.

మేనకోడలు: దీపాలు వదిలేద్దాం. ఇంట్లో కరెంటు తినేది ఏసీ, గీజర్, ఫ్రిజ్, ఫ్యాన్లు. అసలు పని అక్కడుంది. రాత్రి పదింటికి ఏసీ వేస్తారు. మూడింటికి గది చల్లబడి దుప్పటి కప్పుకుంటారే గానీ, లేచి ఆపరు. నా పరికరం రెండింటికి రెండు డిగ్రీలు పెంచి, నాలుగింటికి ఆపేసి ఫ్యాను వేస్తుంది. ఒక్కో డిగ్రీకి సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని విద్యుత్ పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ వాళ్లే చెబుతారు.

మామ: ఏసీ రిమోట్ మీద టైమరు బొత్తం ఉంది. స్లీప్ అని ఇంకోటి ఉంది. ఏసీతోపాటు ఉచితంగానే వచ్చాయి.

మేనకోడలు: ఉన్నాయి. ఎప్పుడైనా నొక్కావా?

మామ: (నవ్వి) లేదు.

మేనకోడలు: ఎవరూ నొక్కరు. అమెరికాలోనూ అంతే అయింది. అక్కడ ఇల్లంతటికీ ఒకే థర్మోస్టాట్ ఉంటుంది. వేళను బట్టి మారేలా ప్రోగ్రాం చేసుకునే థర్మోస్టాట్లకు, కరెంటు తక్కువ తినే వస్తువులకిచ్చే వాళ్ల ఎనర్జీ స్టార్ ముద్ర ఇచ్చారు. తీరా చూస్తే జనం వాటిని ప్రోగ్రామే చేయలేదు, చేసినా రద్దు చేసుకుంటూ పోయారు. ఆదా జరుగుతుందన్న నమ్మకం కుదరక 2009 చివరికి ఆ ముద్ర తీసేశారు. అందుకే తర్వాత మనిషి అలవాటును చూసి తనే నేర్చుకునే రకాలు వచ్చాయి. 2011లో నెస్ట్ కంపెనీది వచ్చింది. ప్రోగ్రాం చేసే బాధ్యత మనిషి మీద లేదు.

మామ: నేర్చుకునే రకం వచ్చాకైనా మిగిలిందా?

మేనకోడలు: కంపెనీ లెక్కల్లో పది, పదిహేను శాతం మిగిలింది.

మామ: అమ్మేవాడి తూకం అది. బయటివాళ్లు తూచలేదా?

మేనకోడలు: (కొంచెం ఆగి) తూచారు. కాలిఫోర్నియాలో కొన్ని ఇళ్లకు స్మార్ట్ థర్మోస్టాట్ ఇచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా పోల్చి చూసిన ఆర్థికవేత్తల పరిశోధన ఒకటి 2022లో వచ్చింది. చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదన్నారు. జనం యంత్రం పెట్టిన డిగ్రీలను చేత్తో మార్చేసుకున్నారు.

మామ: చూశావా!

మేనకోడలు: కానీ మామా, దాన్ని తీసుకొచ్చి హనుమకొండకు అతికించకు. అక్కడ మనిషి లేని గదులను కూడా ఇరవై నాలుగు గంటలూ వేడి చేస్తారు, చల్లబరుస్తారు. మనం పడుకునే గది ఒక్కటే, అదీ మూడు నెలలే చల్లబరుస్తాం. మన సమస్య మూడింటికి లేవలేకపోవడం. దానికి టైమరు చాలంటే చాలు. ఆ టైమరును ఒక్కసారి పెట్టేస్తే ప్రతి రాత్రీ దానంతటదే పనిచేయాలి, అంతే నేనడిగేది.

మామ: అట్లా చెప్పు. ఒకసారి పెట్టి మరిచిపోయేదే పనికొస్తుంది. 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఉన్న ప్రతి ఏసీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నిబంధన పెట్టారు. యాప్ లేదు, వైఫై లేదు. పద్దెనిమిదికి దించాలంటే మనిషి కష్టపడి నొక్కాలి. బద్ధకాన్ని ఆదావైపు తిప్పారు. ఇన్నేళ్లలో నాకు నచ్చిన ఆటోమేషన్ అదొక్కటే.

ఇక్కడ మామ కాస్త ఊపు మీదున్నాడు. పాతకాలపు పొదుపు గురించి ఎత్తుకున్నాడు. మన ఇళ్లకు యంత్రాలు అక్కర్లేదనీ, గదిలోంచి బయటికొస్తూ స్విచ్ ఆపడం మన రక్తంలోనే ఉందనీ, "లైటు ఎవరు వదిలేశార్రా" అన్న కేక లేని ఇల్లు తెలుగుదేశంలో ఉండదనీ అన్నాడు. మేనకోడలు అడ్డుపడింది.

మేనకోడలు: ఆ కేక వేసేది ఎవరు మామా?

మామ: మా ఇంట్లో మీ అత్త.

మేనకోడలు: ఆపేది?

మామ: అదీ మీ అత్తే.

మేనకోడలు: అంటే ఈ ఇంట్లో ఆటోమేషన్ ముప్ఫై అయిదేళ్ల కిందటే పెట్టించావు, కొటేషన్ లేకుండా. నల్లా నీళ్లు ఎన్నింటికి వస్తాయి?

మామ: తెల్లారగట్ల. రోజు విడిచి రోజు.

మేనకోడలు: వాల్వు తిప్పేది ఎవరు? సంపు నిండాక మోటరు వేసేది? పైన ట్యాంకు పొంగి గోడ మీద నీళ్లు కారిన చప్పుడు వినగానే వంటింట్లోంచి పరుగెత్తేది? నీకు స్నానానికి గీజర్ వేసి, నువ్వు పేపరు చదువుతూ ఆలస్యం చేస్తే ఆపి, మళ్లీ వేసేది?

(వంటింట్లోంచి అత్త గొంతు: "పొంగితే పక్కింటివాళ్ల మాటలు పడేది కూడా నేనే, అది కూడా రాసుకో.")

మేనకోడలు: విన్నావుగా. మనం అలవాటు అని, పొదుపు అని పేరు పెట్టుకున్నది చాలా ఇళ్లలో ఒక్క మనిషి నిద్ర. ఆమె అలారం పెట్టుకొని లేస్తేనే మన ఇల్లు పొదుపైన ఇల్లు. నేను అమ్మేది యూనిట్లు కాకపోవచ్చు, ఆమెకు ఆ గంట నిద్ర మిగిలితే చాలు. దానికి మీటరు లేదు కాబట్టి నీ లెక్కలోకి రాదు.

(మామ జవాబు చెప్పడానికి కొంత సమయం తీసుకున్నాడు. కరెంటు ఆదా మీద చదివిన వ్యాసాల్లో ఈ ప్రశ్న నాకు ఎక్కడా ఎదురు కాలేదు. ఇల్లు నడవడానికి ఎవరు మేలుకుంటున్నారో అడగకుండా, ఏ పరికరం ఎంత తింటుందో అడగడం సగం లెక్కే.)

మామ: మోటరు సంగతి ఒప్పుకుంటున్నా. కానీ దానికి నీ హబ్బు ఎందుకు? ట్యాంకులో రెండు, సంపులో రెండు సెన్సర్లు వేసి చిన్న కంట్రోలర్ డబ్బా పెడితే ట్యాంకు ఖాళీ కాగానే మోటరు లేస్తుంది, నిండగానే ఆగుతుంది. సంపులో నీళ్లు లేకపోతే అసలు లేవదు కాబట్టి మోటరు ఉత్తగా తిరిగి కాలిపోదు. మన వీధి చివరి కొట్లోనే దొరుకుతుంది. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది, ఫోను పోయినా పనిచేస్తుంది.

మేనకోడలు: అదే పెట్టు. నాకు హబ్బు మీద మమకారం లేదు. అది కూడా ఆటోమేషనే. ఇన్నేళ్లుగా అది వీధి చివరే దొరుకుతుంటే ఇంటికెందుకు రాలేదు మామా?

మామ: ...మీ అత్త చేస్తోందిగా అని.

మేనకోడలు: గీజర్ కూడా రాసుకో. రోజంతా ఆన్‌లో మరిచిపోతే రెండు కిలోవాట్లు గంటగంటకూ కాలుతూ ఉంటాయి. టైమరు పెడితే అదంతా మిగులుతుంది.

మామ: ఇది మాత్రం తప్పు బిడ్డా. నువ్వు ఇంజనీరువు, నువ్వే ఇట్లా అంటే ఎట్లా? గీజర్ లోపల థర్మోస్టాట్ ఉంటుంది. నీళ్లు కాగాక కాయిల్ ఆగిపోతుంది. 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి కావాల్సింది దాదాపు 0.6 యూనిట్. అది స్నానం చేసేవాడి ఖర్చు. టైమరు పెట్టినా తగ్గదు. రోజంతా ఆన్‌లో ఉంచితే అదనంగా పోయేది డొల్లలోంచి బయటికి జారే వేడి మాత్రమే. మంచి రేటింగ్ ఉన్న చిన్న గీజర్‌లో అది రోజుకు అర యూనిట్ లోపే.

మేనకోడలు: అర యూనిట్ కూడా నెలకు పదిహేను అవుతుంది.

మామ: అవుతుంది, వద్దనను. అయితే ఇంకో సంగతి విను. జనం ఆన్‌లైన్‌లో పది ఆంప్స్ స్మార్ట్ ప్లగ్గు కొని గీజర్‌కు తగిలిస్తారు. రెండు కిలోవాట్ల గీజర్ దాదాపు తొమ్మిది ఆంప్స్ లాగుతుంది. పది ఆంప్స్ ప్లగ్గు అంచు మీద నడిచి నడిచి ఒకరోజు కరిగిపోతుంది. మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ అయితే పదమూడు ఆంప్స్, ఇక చెప్పనక్కర్లేదు. గీజర్‌కైనా ఏసీకైనా 16 ఆంప్స్‌ది తప్ప పెట్టకూడదు. ఎర్తింగ్ సరిగా లేని బాత్రూంలో ముందు ఎర్తింగ్ చూసుకోవాలి, యాప్ తర్వాత. నీ కొటేషన్‌లో ఈ వాక్యం ఒక్కటీ లేదు.

మేనకోడలు: చేరుస్తాను. కానీ వేళ మార్చడం వల్ల లాభం లేదనకు. 2023లో కేంద్రం నిబంధనలు మార్చింది. స్మార్ట్ మీటర్లు వచ్చాక ఎండ ఉన్న వేళల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ ఉండాలని, సాయంత్రం పీక్‌లో ఎక్కువ ఉండాలని చెప్పింది. అది మన ఇంటి మీటరు దాకా వచ్చిన రోజున వాషింగ్ మెషిన్, గీజర్, మోటరు మధ్యాహ్నానికి జరిపేవాడికి లాభం. ఆఫీసుకు పోయే ఇళ్లలో మధ్యాహ్నం స్విచ్ ఎవరు వేస్తారు? అక్కడ నా పరికరం కావాల్సిందే.

మామ: ఆ రోజు వచ్చాక చూద్దాం. స్మార్ట్ మీటర్ అంటేనే జనం భయపడుతున్నారు. ఇక మేడ మీద సోలార్ పెట్టుకున్న ఇంటికైతే నెట్ మీటరింగ్ ఉంది. పగలు గ్రిడ్డుకు పంపిన యూనిట్‌ను రాత్రి వాడుకున్న యూనిట్‌లోంచి తీసేస్తారు. వాడికి వేళ మార్చితే ఒక్క పైసా మిగలదు.

మేనకోడలు: వాడికి మిగలదు, గ్రిడ్డుకు మిగులుతుంది. సాయంత్రం ఏడింటికి థర్మల్ స్టేషన్ మీద భారం తగ్గుతుంది. నీ డిపార్ట్‌మెంటు మాటే నీకు చెప్పాల్సి వస్తోంది.

మామ: (నవ్వాడు గానీ ఒప్పుకోలేదు.) జేబులోకి రాని ఆదా కోసం లక్షన్నర పెట్టమంటే ఏ ఇల్లాలూ పెట్టదు. జేబులోకి వచ్చేది ఒకటుంది, అది చెప్తా. మన టారిఫ్‌లో నెలకు 200 యూనిట్ల దాకా అయితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. మొత్తం 820 రూపాయలు. 201 అయిందనుకో, కేటగిరీ మారిపోతుంది. మొదటి రెండు వందలకూ 5.10, ఆ ఒక్కదానికి 7.70. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు వేరే. ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల రూపాయల పైన. గృహజ్యోతి కింద ఉచితంగా వచ్చే ఇల్లయితే 200 దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే.

మేనకోడలు: అందుకే నేను ఎనర్జీ మానిటర్ పెట్టమంటున్నా. ఇరవయ్యో తారీఖుకే "ఇప్పటికి 150 అయింది, ఈ లెక్కన 225 దాటుతావు" అని ఫోనుకు చెప్తుంది. బిల్లు చేతికొచ్చాక తెలిసి ఏం లాభం?

మామ: రోజూ పొద్దున మీటరు చూసి క్యాలెండర్ మీద అంకె రాస్తే అదే తెలుస్తుంది.

మేనకోడలు: నువ్వు రాస్తావు. ముప్ఫై ఏళ్లు రీడింగులు చూసినవాడివి. ఊళ్లో ఇంకెంతమంది రాస్తారు?

మామ: ...సరే, మానిటర్ ఉంచు. ఎంసీబీ డబ్బాలో ఇముడుతుందంటే ఇంకా మంచిది. కానీ 225ను 200కి దించేది అది కాదు. దించేది ఫ్యాను. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను 30. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకు నెలకు 16 యూనిట్లు తగ్గుతాయి. ఇంట్లో నాలుగు మారిస్తే 64. ఎవరూ దేన్నీ ఆపనక్కర్లేదు, మరిచిపోయినా ఫర్వాలేదు, ఎవర్నీ కేకలేయక్కర్లేదు. 2023 జనవరి నుంచి ఫ్యాన్లకూ స్టార్ రేటింగ్ తప్పనిసరి చేశారు, కొట్లో స్టిక్కరు చూసి కొనుక్కోవచ్చు.

మేనకోడలు: వాటి రిమోట్ పోతే గోల మామా. పాత రెగ్యులేటర్ వాటికి పనిచేయదు.

మామ: రిమోట్‌కు దారం కట్టి మేకుకు వేలాడదీస్తా.

మేనకోడలు: ఆదా విషయంలో ఇంత పట్టుదల ఉన్నవాడివి, ఇంటి బయట చూడవేం? మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్ లెక్క చెప్తా విను. ముప్ఫై ట్యూబులు, ఒక్కోటి 20 వాట్లు, పగలూ రాత్రీ వెలుగుతాయి. రోజుకు 14.4 యూనిట్లు, నెలకు 432. అర్ధరాత్రి రెండింటికి సెల్లార్లో కుక్క తప్ప ఎవరూ ఉండరు. అయినా ఆర్పరు, ఎందుకంటే ఆ స్విచ్ ఎవరిదీ కాదు. వాచ్‌మన్ ఆపితే కార్లవాళ్లు తిడతారు, ఆపకపోతే ఎవరూ ఏమీ అనరు. బిల్లు అందరి మెయింటెనెన్సులో కలిసిపోతుంది. అక్కడ మనిషి కదలికను పట్టే సెన్సర్ ట్యూబులు వేస్తే, కారు రాగానే వెలుగుతాయి, పోగానే మందగిస్తాయి. అందులో సగం ఆగినా నెలకు రెండు వందల యూనిట్లు.

మామ: ఇది లెక్క. ఇది ఒప్పుకోవాల్సిన లెక్క. హోటల్ గదిలో తలుపు పక్కన తాళం కార్డు పెడితేనే కరెంటు వస్తుంది చూడు, అదీ ఇంతే. గదిలో ఉన్నవాడికి బిల్లు రాదు, బిల్లు కట్టేవాడు గదిలో ఉండడు.

మేనకోడలు: అందులో విజిటింగ్ కార్డు దూర్చి ఏసీ నడిపించి బయటికి పోయేవాళ్లు కూడా ఉన్నారు.

మామ: అత్త సొమ్ము అల్లుడు దానం. అందుకే అక్కడ యంత్రమే కాపలా ఉండాలి, మనిషిని నమ్మకూడదు. ఆఫీసుల బాత్రూములు, హాస్టళ్ల కారిడార్లు, బడి వరండాలు, గుడి ప్రహరీ లైట్లు, ఇట్లాంటివాటికి నువ్వు కొటేషన్ రాయి, నేను సంతకం పెట్టిస్తా. సొంత బిల్లు కట్టుకునే ఇంట్లో గదికో మాడ్యూల్ పెట్టడం దేనికి?

మేనకోడలు: సొంత ఇంట్లోనూ చెయ్యి అందనివాళ్లు ఉంటారు మామా. అమ్మమ్మ రాత్రి రెండుసార్లు బాత్రూంకు లేస్తుంది. స్విచ్‌బోర్డు తలుపు అవతల ఉంది. చీకట్లో గోడ తడుముకుంటూ పోతుంది. మంచం కింద ఒక చిన్న సెన్సర్ లైటు, దారిలో ఇంకోటి పెడితే, ఆమె కాలు కింద పెట్టగానే నేల కనిపిస్తుంది. ఆ వయసులో తుంటి విరిగితే అయ్యే ఖర్చు ముందు నీ 175 యూనిట్లు ఎంత?

మామ: దాన్ని ఈ రోజే పెట్టు. కెమెరాలు మాత్రం నాకు వద్దు.

మేనకోడలు: బావ అడుగుతున్నది అవే. డల్లాస్‌లో పొద్దున లేవగానే నాయనమ్మ ఎట్లా ఉందో చూసుకుంటానంటున్నాడు.

మామ: వాడి బెంగ నాకు తెలుసు. కానీ అమ్మ చీర సర్దుకుంటున్నప్పుడు కూడా అది చూస్తుంది. హాల్లో ఇప్పటికే ఉన్న ఒక్క కెమెరాకే ఆమె వీపు తిప్పి కూర్చుంటోంది. పైగా దాన్ని ఇంకెవరు చూస్తున్నారో ఎవరికి తెలుసు?

మేనకోడలు: ఆ భయం ఉత్తది కాదు. 2016లో మిరాయ్ అని ఒక వైరస్ ఇట్లాంటి కెమెరాలను లక్షల్లో పట్టుకొని, వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టింది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చకపోవడమే కారణం. పాస్‌వర్డ్ మార్చాలి, వీడియో ఇంట్లోనే దాచుకునే రకం కొనాలి.

మామ: కంపెనీ మూతపడితే?

మేనకోడలు: అదీ జరిగింది. రివాల్వ్ అని ఒక హబ్ ఉండేది. దాన్ని నెస్ట్ కొని 2016 మేలో సర్వర్లు ఆపేసింది. డబ్బు పెట్టి కొన్న డబ్బా ఒక్కరోజులో ఇటుకరాయి అయింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి, తర్వాత వాడేవాళ్లే కొందరు కలిసి ఆ కంపెనీని కొనుక్కున్నారు. ఈలోగా పెద్ద కంపెనీలు కలిసి కూర్చొని మ్యాటర్ అనే ఉమ్మడి పద్ధతి చేసి, 2022 అక్టోబరులో విడుదల చేశాయి. ఒకరి స్విచ్ ఇంకొకరి హబ్బుతో మాట్లాడాలి, ఇంటర్నెట్ లేకపోయినా ఇంట్లోపల పని జరగాలి అని. నేను పెట్టేవి ఆ రకమే. గోడ మీద మామూలు స్విచ్ నొక్కితే కూడా పనిచేయాలన్నది నా సొంత షరతు.

మామ: ఇంకో షరతు నాది. మన దగ్గర కరెంటు పోయి వస్తుంది. అర్ధరాత్రి మూడింటికి కరెంటు తిరిగి రాగానే నీ బల్బులన్నీ భళ్లున వెలిగి ఇంటిల్లిపాదినీ లేపకూడదు.

మేనకోడలు: దానికి సెట్టింగ్ ఉంటుంది. చాలామంది పెట్టరు. పెడతాను.

మామ: అయితే రాసుకో. మోటరు కంట్రోలర్. అమ్మకు రాత్రి లైట్లు. గీజర్‌కు 16 ఆంప్స్ టైమరు స్విచ్. ఎర్తింగ్ చూడటం. మానిటర్ ఒకటి. ఏసీకి నువ్వు చెప్పిన ఒకసారి పెట్టి మరిచిపోయేది, అది కూడా ఈ వేసవి చూసి.

మేనకోడలు: కెమెరా?

మామ: వాడితో నేను మాట్లాడతా. ముందు అమ్మను అడుగు. ఆమె సరేనంటే హాల్లో ఒకటి, ఆమె మూత పెట్టుకోగలిగేది.

మేనకోడలు: స్పీకరు కొట్టేయనా?

(అత్త: "అది ఉంచు. పాటలకు.")

మామ: ఆదా కింద కాదు, పాటల కింద రాయి. ఇప్పుడు మొత్తం ఎంతయింది?

మేనకోడలు: నలభై వేల లోపు. మిగిలింది బావకు తిరిగి పంపనా?

మామ: పంపకు. కొటేషన్ మొదటి వరుసలో నాలుగు బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టు.

మేనకోడలు: అవి ఆటోమేషన్ కిందికి రావు మామా. మా కంపెనీ అవి అమ్మదు.

మామ: ఏం అమ్మదో కూడా కొటేషన్‌లో రాస్తే మీ కంపెనీని నమ్ముతా.